నేను కనిపెట్టిన మూత

నా పేరు పక్కన రాసుకోవడానికి బి.ఎస్సీ. తప్ప మరేమీ లేని రోజుల్లో, కలకత్తా పేటెంటు ఆఫీసు నుంచి నాకొక పెద్ద కవరు వచ్చింది. అప్పుడు నేను బందరులో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటర్ని. లెక్చరరు గారు పాఠం చెబుతుంటే పక్కన నిలబడి, ఆయన చెప్పిన సూత్రానికి బల్ల మీది సామాను ఒప్పుకోకపోతే మాట పడడం నా ఉద్యోగం. కవరులో ఉన్న కాగితం మీద సర్కారు వారి ముద్ర ఉంది. ఆటుపోట్ల నీటికి దానంతటదే తెరుచుకుని మూసుకునే వాల్వు ఒకటి నేను కనిపెట్టానని, దానికి నిజమైన మొదటి సృష్టికర్తను నేనేనని అందులో ఉంది. ఆ చివరి ముక్క నేను దరఖాస్తులో ప్రమాణం చేసి రాసిచ్చిందే. అయినా తిరిగి ముద్రతో వచ్చేసరికి నాకే కొత్తగా తెలిసినట్టు పొంగిపోయాను.

ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ముందు గదిలో బైబిలు వాక్యం పటం పక్కన తగిలించాను. సాయంత్రానికి మా ఆవిడ దాన్ని ఒక జానెడు కిందికి దించింది. వాక్యం కంటే ఎత్తులో ఉందట.

ఆ వాల్వు సంగతి చెప్పాలి. దివిసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళ పొలాలకు నీళ్ళు రావడం ఒక కష్టమైతే, ఉన్న నీళ్ళు పోవడం ఇంకో కష్టం. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ మురుగు కాలువలోని నీరు తూముల గుండా ఏట్లోకి దిగుతుంది. పోటు వేళ అదే తూముల్లోంచి ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కుతుంది. తూము దగ్గర మనిషి కాపు ఉండి, వేళకు పలక దించాలి. మనిషి కాస్త ఏమరితే వరి ఎర్రబడిపోతుంది. నేను కనిపెట్టింది తూము మూతికి బిగించే ఒక ఇనప చట్రం, దానికి పైనుంచి కీలు మీద వేలాడే ఇనప రేకు, రేకు అంచున రబ్బరు. పొలం నీరు తోస్తే తెరుచుకుంటుంది, ఏటి నీరు తోస్తే మూసుకుంటుంది. ఇంతవరకూ గొప్పేమీ లేదు. గొప్పంతా ఏటవాలులో ఉంది. చట్రం నిలువుగా కాకుండా కొంచెం వెనక్కి వాలి ఉండడం వల్ల, నీరు నిలకడగా ఉన్నా రేకు తన బరువుకు తానే వచ్చి అతుక్కుంటుంది. ఆ వాలు పది నుంచి పదిహేను డిగ్రీల మధ్య ఉండాలని నా పేటెంటులో రాయించుకున్నాను.

కాలేజీ సైన్సు సంఘం వాళ్ళు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. ఆలోచన ఎలా వచ్చిందో చెప్పమన్నారు. ఒక సాయంత్రం బందరు రేవు దగ్గర పోటు నీటిని చూస్తూ కూర్చుంటే ఈ వాల్వు మొత్తం, వాలుతో సహా, కళ్ళకు కట్టినట్టు కనబడిందని చెప్పాను. నిజంగానే అలా కనబడింది. ఎందుకంత స్పష్టంగా కనబడిందో ఆ రోజు నాకు అనుమానం రాలేదు. ప్రతిభ అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

వాల్వులు పోత పోయడానికి గుడివాడలో ఒక ఫౌండ్రీ పెద్దమనిషికి ఇచ్చాను. యాభై దాటిన మనిషి, చేతుల మీద పాత కాలిన మచ్చలు, నోరు తెరిస్తే అండీ లేకుండా మాట రాదు. మొదటి పాతిక వాల్వులు ఎంతో శుభ్రంగా పోసి ఇచ్చాడు. ఏడాది తిరక్కుండానే అవే వాల్వులు, నా పేరు లేకుండా, అవనిగడ్డ సంతలో కనబడ్డాయి. నేను గుడివాడ వెళ్ళి నిలదీశాను. ఆయన కుర్చీ వేయించి, సోడా తెప్పించి, ఈ మూత ఆ పక్క ఊళ్ళలో పాతదేనని రైతులు చెబుతున్నారండీ, మీకు కోపం వస్తుందని చెప్పలేదండీ అన్నాడు. నేను సోడా తాగకుండా లేచి వచ్చేశాను. ఎండలో బస్టాండు దాకా నడిచాక అందుకు చింతించాను.

మా అక్క భర్త, మా బావ, బందరులో ప్లీడరు. భూముల తగాదాల్లో పేరున్నవాడే గాని, పేటెంటు దావా చేతికి రావడం ఆయనకూ అదే మొదలు. అప్పటి చట్టం పుస్తకం తెప్పించుకుని, కళ్ళద్దాలు మార్చి మార్చి చదివి, జిల్లా కోర్టులో దావా వేశాడు. ఫౌండ్రీ ఆయన జవాబు దాఖలు చేశాడు. దివిసీమలో ఫలానా ఊళ్ళో చర్చికి చెందిన పొలం తూముకు ఇలాంటి మూతే ఏనాటి నుంచో ఉందని, అందరికీ తెలిసి వాడుకలో ఉన్నదానికి పేటెంటు చెల్లదని దాని సారాంశం. చదివి నేను నవ్వాను. ఆ ఊరు నాకు తెలుసు. మా నాన్న మిషను బడి పంతులు. ఆరేళ్ళు వచ్చేవరకూ నేను పెరిగింది ఆ ఊళ్ళోనే. తరవాత నాన్నకు బదిలీ అయింది, మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. ఆ ఊరి గురించి నాకు గుర్తున్నదల్లా బురద, దోమలు, ఆదివారం గంట.

అందుకే మొదటి రోజు బోనెక్కినప్పుడు, మా బావ చెప్పమనకపోయినా గొప్పగా చెప్పుకున్నాను. దివిసీమ కష్టాలు నాకు పుస్తకాల్లో తెలిసినవి కావు, నా బాల్యం అక్కడే గడిచింది, అక్కడి రైతు కోసమే ఈ వాల్వు కనిపెట్టాను అన్నాను. జడ్జి గారు రాసుకున్నారు. ఎదుటి ప్లీడరు కూడా రాసుకున్నాడు. నా క్రాసు ఎగ్జామినేషను, తూము తనిఖీ అయ్యాక పెట్టుకుందామన్నారు.

తనిఖీకి కోర్టు వారు ఒక కుర్ర వకీలును కమిషనరుగా వేశారు. కార్తీకంలో ఒక ఉదయం అందరం ఒకే బస్సులో బయల్దేరాం. వాది, ప్రతివాది, ఇద్దరు ప్లీడర్లు, కమిషనరు. బస్సు దిగాక రెండు బళ్ళు మాట్లాడుకున్నాం. తోవలో ఫౌండ్రీ ఆయన తన గొడుగు నాకిచ్చాడు. శత్రువు గొడుగు కింద కూర్చుని నేను మనసులో వాదనకు సాన పెట్టుకుంటూ వెళ్ళాను. మూత అంటే కుండ మీద పెట్టేది. వాల్వు అంటే శాస్త్రం. ఈ రెంటికీ తేడా తెలియని వాళ్ళతో వచ్చింది నా తగాదా.

తూము చర్చి పొలం చివర, కట్ట కింద ఉంది. ఆ ఊళ్ళో దాన్ని గుడి పొలం అంటారు. తాటిమాను తొలిచి చేసింది. మాను చివరను నరికిన చోట చెక్క మూత ఒకటి వేలాడుతోంది. కీలు బదులు గేదె తోలు పట్టీ, రబ్బరు బదులు అంచు చుట్టూ తోలు. మేం వెళ్ళేసరికి పాటు. సన్నగా నీరు దిగుతోంది, మూత ఆ నీటి మీద ఆనుకుని ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. తూము సంగతులు చూసుకునే ముసలావిడ కట్ట మీద నిలబడి అందరికీ వందనాలండి అంది. ఆ తూము చేసింది ఆమె పెనిమిటట, పోయి చాలా ఏళ్ళయిందట. తెల్లచీర, పొలంలో పని చేసి చేసి నల్లబడ్డ చేతులు. చర్చి సంఘం పుస్తకంలో ఈ తూము గురించి రాసి ఉందని చెప్పింది. దాన్ని చూడడానికి మిగతావాళ్ళందరూ పాస్టరు గారింటికి నడిచారు.

నేను వెళ్ళలేదు. కాలేజీ లేబొరేటరీ నుంచి కోణం కొలిచే సాధనం తెచ్చుకున్నాను. పంచె పైకి కట్టి తూము దగ్గరికి దిగాను. మాను చివర వాలు పన్నెండు డిగ్రీలు వచ్చింది. చెయ్యి వణికిందేమోనని మళ్ళీ కొలిచాను. పన్నెండు. సాధనంలో లోపమేమోనని తిప్పి పట్టుకుని కొలిచాను. కాలేజీ సామాను ఎన్నడూ నా మాట విన్నది లేదు గాని, ఆ రోజు మాత్రం మూడుసార్లూ ఒకే మాట మీద నిలబడింది.

గొడ్డలితో ఏటవాలుగా నరికితే అలాగే వస్తుంది కదా, అది ఆలోచించి పెట్టిన వాలు కాదని ముసలావిడతో అనిపించాలని చూశాను. ఆమె ఒప్పుకోలేదు. మొదట నిలువుగానే కోశారట. మూత సరిగా పడక ఉప్పునీరు ఎక్కి ఒక పంట పోయిందట. అప్పుడు వాలుగా కోశారట. చెబుతూ చెబుతూ ఆమె నా మొహం కేసి పరకాయించి చూసింది.

"నువ్వు పంతులు గారి అబ్బాయివి కాదూ?"

అవునన్నాను.

"అదే అనుకున్నాను, ఆ చెవులు చూసి. నువ్వు పొద్దస్తమానం ఇక్కడే ఉండేవాడివి బాబూ. ఈ మూత ఎత్తడం, వదలడం. టప్పున పడేది. ఆ చప్పుడుకి నవ్వేవాడివి. మా ఆయన ఎన్నిసార్లు కేకలేసినా వినేవాడివి కాదు."

నేను నీళ్ళలో నిలబడే ఉన్నాను. ఆమె చెప్పింది నాకు గుర్తు రాలేదు. కాని నా కుడి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి, మూతను కింది అంచు దగ్గర, సరిగ్గా పట్టుకోవలసిన చోట పట్టుకుని ఎత్తింది. వదిలాను. టప్పున పడింది. రేవు దగ్గర నాకు కళ్ళకు కట్టినట్టు కనబడినది ఏమిటో అప్పుడు తెలిసింది.

అంతలో పుస్తకం పట్టుకుని అందరూ తిరిగి వచ్చారు. అట్ట ఊడిన పాత రిజిస్టరు. పాస్టరు గారు చదివి వినిపించారు. గుడి పొలము తూమునకు ఏటవాలు మూత నమర్చి ఉప్పునీటిని ఆపినందుకు ఫలానా సహోదరునికి సంఘము వారు కృతజ్ఞత తెలిపిరి, అని. అది నేను పుట్టిన ఏడు. మా బావ పుస్తకం తీసుకుని సిరా రంగు చూశాడు, కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు, తిరిగి ఇచ్చేశాడు.

బందరు వచ్చాక బావకు జరిగింది చెప్పాను.

"ఆవిడ నిన్ను గుర్తుపట్టింది. నువ్వు ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. అంతేనా?"

"అంతే."

"అయితే అడిగితే గుర్తు లేదను. అది అబద్ధం కూడా కాదు."

పుస్తకంలో ఉన్నది ఒక్క వాక్యమే గనక, ఆ మూతా మన వాల్వూ ఒకటి కావని ఇంకా వాదించవచ్చని ఆయన ఆశ. కాని సృష్టికర్తే చిన్నప్పుడు దాంతో ఆడుకున్నాడని తెలిస్తే వాదించడానికి ఏమీ మిగలదు. నాకూ ఆ సలహా నచ్చింది. ఎంత నచ్చిందంటే, వారం రోజులు అద్దం ముందు నిలబడి గుర్తు లేదండీ అనడం అభ్యాసం చేశాను. మరీ వెంటనే అనకూడదు, మరీ ఆలస్యంగా అనకూడదు. మా ఆవిడ వాకిట్లోంచి విని, ఏది గుర్తు లేదు అని అడిగింది. సంత సరుకుల్లో ఏదో మరిచిపోయాననుకుంది పాపం.

వాయిదా రోజు కోటు వేసుకుని కోర్టుకు వెళ్ళాను. వరండాలో ముసలావిడ నేల మీద కూర్చుని ఉంది. ప్రతివాది తరఫు సాక్షిగా తీసుకొచ్చారు. నన్ను చూసి లేచి వచ్చింది. చేతిలో గుడ్డ మూట విప్పి, కాల్చిన తాటి తేగల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. ఇవంటే నీకు ప్రాణం కదా బాబూ అంది. నేను ఆమెకు వ్యతిరేకంగా చెప్పడానికి లోపలికి వెళ్తున్నానని ఆమెకు తెలియకపోలేదు. కోర్టు సంగతి కోర్టుది, తేగల సంగతి తేగలది అన్నట్టు ఇచ్చింది. వద్దనడానికి నోరు రాలేదు. పారేయడానికి చోటు లేదు. అప్పుడే నా పేరు పిలిచారు. కట్ట కోటు జేబులో కుక్కుకుని బోనెక్కాను. సగం పైకే ఉంది.

ఎదుటి ప్లీడరు నింపాదిగా మొదలెట్టాడు. బాల్యం గడిచిన ఊరేదని అడిగాడు. చెప్పాను. తూము ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే కదా అన్నాడు. అవునన్నాను. చిన్నప్పుడు ఆ తూమును చూశారా అన్నాడు. మరీ వెంటనే కాకుండా, మరీ ఆలస్యం కాకుండా, గుర్తు లేదండీ అన్నాను. బాగా వచ్చింది. బావ మొహంలో వెలుగు కూడా చూశాను. జడ్జి గారు రాసుకోబోతూ కలం ఆపారు.

"మీ జేబులో ఏమిటవి?" అన్నారు.

"తేగలండి."

కోర్టులో చిన్న నవ్వు పుట్టి ఆగింది. ఎదుటి ప్లీడరు తన కాగితాలు పక్కన పెట్టాడు.

"ఎవరిచ్చారు మాస్టారూ?"

"వరండాలో ఉన్నావిడండి."

"ప్రతివాది సాక్షి మీకెందుకిచ్చింది?"

"నాకు చిన్నప్పుడు ఇష్టమనండి."

ఆయన ఇక అడగవలసిందేమీ లేదు. అక్కడితో ఆపి కూర్చున్నా ఆయన పని అయిపోయినట్టే. ఆయన నిజంగానే కూర్చోబోయాడు. నేనే చెప్పడం మొదలెట్టాను. మూత ఎత్తి వదిలేవాణ్ణని ఆవిడ అన్న మాట, నా చెయ్యి చేసిన పని, పన్నెండు డిగ్రీలు, మూడుసార్లు కొలవడం, అద్దం ముందు అభ్యాసం. అభ్యాసం సంగతి చెప్పనక్కర్లేదని ఇప్పుడనిపిస్తుంది. మొదలెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. జడ్జి గారు తెలుగులో వింటూ ఇంగ్లీషులో రాసుకుంటున్నారు. టప్పున అన్న మాట దగ్గర కొంతసేపు కలం ఆడలేదు. దానికి ఆయన ఏమి రాశారో చూడాలని నాకు ఎంతో కోరిక ఉండేది గాని అడగలేకపోయాను.

అంతరాత్మ మేల్కొందని చెప్పుకుంటే బాగుంటుంది. కొన్నాళ్ళు అలాగే చెప్పుకున్నాను కూడా. నిజానికి ఆ క్షణంలో నాకున్నది సిగ్గు ఒక్కటే. అబద్ధానికి కాదు. తేగలు జేబులో పెట్టుకుని, అవి ఇచ్చిన మనిషిని ఎరగనన్నట్టు నిలబడడానికి.

దావా కొట్టేశారు. వాలు మూత ముందే తెలిసినదని, బహిరంగంగా వాడుకలో ఉన్నదని, అందులో నేను కొత్తగా చేసింది చెక్కను ఇనుముగా, తోలును రబ్బరుగా మార్చడమేనని తీర్పు. మా బావ నాతో నెల రోజులు మాట్లాడలేదు. తరవాత మా అక్క రాయబారిలా మధ్యలో నిలబడి ఇద్దరికీ ఒకే కంచంలో గారెలు పెట్టి కలిపింది.

తీర్పు రోజు కోర్టు బయట ఫౌండ్రీ ఆయన నా కోసం ఆగి ఉన్నాడు. గెలిచిన మనిషిలా లేడు.

"మాస్టారూ, మీ పేటెంటు ఉన్నంతకాలం మనిద్దరమే పోసేవాళ్ళమండీ. ఇప్పుడు ఎవరైనా పోసుకోవచ్చు. మా వీధిలో ఉన్న మిగతా ఇద్దరు ఫౌండ్రీ వాళ్ళూ నిన్నటి నుంచే అచ్చులు తయారు చేస్తున్నారండీ."

ఇద్దరం కోర్టు ఎదుట కాఫీ హోటల్లో కూర్చుని ఉప్మా తిన్నాం. దావాకు పోకుండా రాజీ పడి ఉంటే పేటెంటు నిలబడేదని, ఇద్దరికీ అదే లాభమని ఆలస్యంగా అర్థమైంది. ఆ ఏడు రుసుము కట్టడం మానేశాను. పేటెంటు గడువు తీరి పోయింది. ఫ్రేము మాత్రం బాగుందని మా ఆవిడ అందులో పిల్లల ఫోటో పెట్టింది.

ఇనప వాల్వుల కథ కూడా ఎక్కువ కాలం సాగలేదు. మూడేళ్ళలో ఉప్పునీటికి కీళ్ళు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. తెరిచినవి తెరిచినట్టే, మూసినవి మూసినట్టే ఉండిపోయాయి. రైతులు వాటిని పీకి కట్ట మీద పడేసి, చెక్క మూత కొలతలు తీసుకోవడానికి గుడి పొలం దాకా నడిచి వెళ్ళేవారని విన్నాను. ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుకు ఉప్పునీటిలో ఇనుము తుప్పు పడుతుందని తట్టకపోవడం గురించి మా కెమిస్ట్రీ విభాగం వాళ్ళు చాలాకాలం సంతోషించారు.

ఆ తరవాత ఒక మాఘమాసంలో పనేమీ లేకుండానే ఆ ఊరు వెళ్ళాను. ముసలావిడ మూతకు కొత్త తోలు వేస్తోంది. ఆముదంలో నానబెట్టిన తోలును రెండు చేతులా సాగదీస్తోంది. నన్ను కూడా ఒక కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. ఏదో మాట్లాడాలి గనక, మీ ఆయన చాలా తెలివైనవాడు, చదువుకుని ఉంటే ఇంజనీరయ్యేవాడు అన్నాను.

ఆమె తోలు మీంచి చూపు తిప్పలేదు.

"ఆయనకేం తెలుసు బాబూ. మాను నరకడం తెలుసు. వాలుగా నరకమన్నది నేను. మూత ఎక్కడ వేలాడదీయాలో చూపించింది నేను. మూడు రోజులు పోట్లాడితే గాని వినలేదు."

నేను తోలు కొస వదిలేశాను. సంఘం పుస్తకంలో ఆయన పేరే ఉంది కదా అన్నాను.

"సంఘంలో మగవాళ్ళు రాసుకుంటారు మరి."

మా జిల్లా జడ్జి గారు ముప్ఫై పేజీల తీర్పులో ఆ మూత ఎవరు చేశారో నాలుగు చోట్ల రాశారు. నాలుగు చోట్లా ఆమె పెనిమిటి పేరే. కోర్టులో ఆమె ప్రమాణం చేసి గంటసేపు సాక్ష్యం చెప్పింది. ఈ ముక్క అక్కడ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవరూ అడగలేదుగా," అంది. తోలు గట్టిగా పట్టుకోమంది.